పన్నెండో అమ్మాయి కోసం

రికార్డుల్లో మా కాలేజీకి మహిళల వాలీబాల్ జట్టు ఎప్పుడూ ఉంది. ఏటా అంతర కళాశాలల పోటీలకు ఎంట్రీ ఫారం వెళ్లేది. దాని వెంట ఎనిమిది మంది అమ్మాయిలు వెళ్లేవారు. తొలి మ్యాచ్‌లోనే ఓడిపోయి మధ్యాహ్న భోజనం వేళకు తిరిగి వచ్చేవారు. పోటీలకు వారం ముందు ఎవరు ఖాళీగా ఉంటే వారిని పోగుచేయడం ఆనవాయితీ. ఇద్దరు ముగ్గురు హైస్కూల్లో ఆడినవాళ్లు, మిగతావాళ్లు స్నేహితురాలి మాట కాదనలేక జెర్సీ వేసుకున్నవాళ్లు.

విశాఖపట్నంలోని ఈ డిగ్రీ కాలేజీలో ఫిజికల్ డైరెక్టర్‌గా చేరిన కొత్తలో నాకు అందరూ ఇచ్చిన సలహా ఒకటే. "పొడుగు అమ్మాయిలను వెతకండి మేడమ్. నెట్ మీదుగా బంతిని గట్టిగా కొట్టే స్మాషర్లు ఇద్దరు దొరికితే జట్టు దానంతట అదే నిలబడుతుంది." నాకు ఆ మాట మీద నమ్మకం కుదరలేదు. నేనూ యూనివర్సిటీ స్థాయిలో ఆడినదాన్నే. షటిల్ నేర్చుకోవడానికి ఎదురుగా ఒక్క మనిషి ఉంటే చాలు. వాలీబాల్‌కు అలా కుదరదు. ఇటు ఆరుగురు ఆట నేర్చుకోవాలంటే నెట్‌కు అటు ఇంకో ఆరుగురు నిలబడాలి. అటు నుంచి అసలైన సర్వీస్ రాకపోతే ఇటు రిసెప్షన్, అంటే ఆ సర్వీస్‌ను అందుకోవడం, రాదు. అటు నెట్ దగ్గర చేతులెత్తి అడ్డుకునే బ్లాక్ లేవకపోతే ఇటు స్మాష్ కొట్టే అమ్మాయికి ఖాళీ ఎక్కడుందో తెలియదు. ఏడెనిమిది మందితో సాధన చేసే జట్టు అసలైన ఆటను మొదటిసారి పోటీల రోజునే చూస్తుంది.

అందుకని నేను ఎత్తు సంగతి పక్కన పెట్టాను. సాయంత్రం నాలుగున్నరకు కోర్టులో పన్నెండు మంది ఉండాలి, రోజూ ఉండాలి. పెట్టుకున్న లక్ష్యం ఇదొక్కటే. వినడానికి చాలా చిన్నది. ప్రిన్సిపాల్ గారు కూడా "ఇంతేనా?" అన్నారు.

ముందు కోర్టు సంగతి చూడాల్సి వచ్చింది. వాలీబాల్ కోర్టు పొడవు 18 మీటర్లు, వెడల్పు 9. చుట్టూ కనీసం మూడేసి మీటర్ల ఖాళీ ఉండాలి కాబట్టి 24కు 15 మీటర్ల స్థలం కావాలి. మా పాత కోర్టు ఒక పక్క సైకిల్ స్టాండ్ గోడను ఆనుకుని ఉండేది. వెనక్కి పోయే బంతి కోసం పరుగెత్తితే గోడకు గుద్దుకోవాలి. గుద్దుకుంటానని తెలిసిన అమ్మాయి పరుగెత్తదు, ఆ పరుగెత్తకపోవడమే అలవాటవుతుంది. పైగా కోర్టు తూర్పు పడమరలుగా ఉండేది. సాయంత్రం ఒక పక్కవాళ్లకు ఎండ నేరుగా కళ్లలో పడేది. ఖోఖో కోర్టును కాస్త జరిపి, ఉత్తర దక్షిణాలుగా కొత్త కోర్టు వేశాం. పూర్వ విద్యార్థి ఒకాయన ఎర్ర గ్రావెల్ తోలించారు. ఎన్ఎస్ఎస్ పిల్లలు రాళ్లు ఏరారు. వెనక వీధిలో రోడ్డు పని చేయిస్తున్న కాంట్రాక్టరును బతిమాలితే ఒక మధ్యాహ్నం రోలర్ పంపాడు. నీళ్లు నిలవకుండా నడుమ నుంచి పక్కలకు రవ్వంత వాలు ఇవ్వమని గ్రౌండ్‌మన్ పట్టుబట్టాడు. ఆ వాలు లేకపోతే అక్టోబరు వాయుగుండాల్లో కోర్టు రోజుల తరబడి బురదలోనే ఉండేది.

నెట్ విషయం నవ్వు తెప్పిస్తుంది. మహిళలకు నెట్ ఎత్తు 2.24 మీటర్లు, పురుషులకు 2.43. మా దగ్గర అబ్బాయిలు కట్టిన ఎత్తునే ఉంచేసేవారు. అయితే పాత తాడు సాగి, నడుమ చెయ్యి పెడితే అందేటంత కుంగిపోయేది. అమ్మాయిలందరూ ఆ పల్లంలోంచే స్మాష్ కొట్టడం నేర్చుకున్నారు. నిబంధన ప్రకారం నెట్ రెండు చివరలూ సమాన ఎత్తులో ఉండాలి, నడిమి ఎత్తు కన్నా రెండు సెంటీమీటర్లకు మించి పెరగకూడదు. అంటే పోటీల్లో బిగించి కట్టిన నెట్ మీద వీళ్ల దెబ్బలన్నీ నెట్‌కే తగిలేవి. ఓ వెదురు కర్ర మీద 2.24 దగ్గర ఎర్ర రంగు గీత పెట్టించాను. ముందు వచ్చిన అమ్మాయి కర్ర పెట్టి కొలవాలి, సరిగా లేకపోతే తాడు బిగించాలి. మొదట్లో విసుక్కున్నారు. తర్వాత వేరే కాలేజీకి స్నేహపూర్వక మ్యాచ్‌కు వెళ్లినప్పుడు అక్కడి నెట్ కూడా కొలుస్తామని పేచీ పెట్టారు.

బంతి గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే కొత్తగా చేరిన అమ్మాయిల్లో చాలామంది మొదటి పది పదిహేను రోజుల్లో మానేసేది బంతి వల్లే. బరువు 260 నుంచి 280 గ్రాములు. లోపలి గాలి ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు 0.30 నుంచి 0.325 కిలోలు మాత్రమే ఉండాలి. సైకిల్ షాపులో కొట్టించుకుని వస్తే అది రాయిలా తయారవుతుంది. అండర్‌హ్యాండ్ పాస్‌కు ముంజేతులు ఒడ్డిన అమ్మాయికి సాయంత్రానికల్లా ఎర్రగా కమిలిపోతాయి. ఇంట్లో అమ్మ చూస్తుంది. మర్నాడు ఆ అమ్మాయి రాదు. ఒత్తిడి కొలిచే చిన్న గేజ్ ఒకటి, చేతిపంపు ఒకటి కొన్నాను. ఆ ఏడాది మా ఖర్చుల్లో అన్నిటికన్నా ఫలితమిచ్చింది ఆ గేజే అని నేను ఇప్పటికీ అంటాను. ఖరీదైన మికాసా బంతి ఒక్కటే కొని పోటీల ముందు వాడుకునేందుకు దాచాం. రోజువారీ సాధనకు కాస్కో, నివియా బంతులు ఎన్ని దొరికితే అన్ని. బంతులు తక్కువైతే అమ్మాయిలు వరుసలో నిలబడి కబుర్లు చెప్పుకుంటారు.

ఇక మనుషులు. అడ్మిషన్ల సమయంలో ఆఫీసు వరండాలో మేజా వేసుకుని కూర్చున్నాను. ఫీజు కట్టడానికి వచ్చిన ప్రతి అమ్మాయినీ "స్కూల్లో ఏం ఆడావు?" అని అడిగాను. ఎక్కువమంది చెప్పింది త్రోబాల్. చేతులు చురుగ్గా ఉంటాయి, బంతికి భయపడరు, కానీ బంతి రాగానే పట్టేసుకుంటారు. వాలీబాల్‌లో బంతిని పట్టడం తప్పు. చేతికి తగిలిన క్షణంలోనే వదిలేయాలి. ఆ అలవాటు మాన్పించడం, ఏమీ రానివాళ్లకు మొదటి నుంచి నేర్పడం కంటే కష్టం. ఖోఖో ఆడినవాళ్లు మాత్రం నాకు దొరికిన బంగారం. కిందికి వంగి ఉండటం, ఒక్క అడుగులో దిశ మార్చడం వాళ్లకు చిన్నప్పటి నుంచే వచ్చు. మా మొదటి లిబరో పాడేరు వైపు నుంచి వచ్చిన ఖోఖో అమ్మాయే. అయిదడుగులు కూడా లేదు. లిబరో అనే స్థానం అంతర్జాతీయ వాలీబాల్‌లోకి 1998లో వచ్చింది. ఆ అమ్మాయి బ్లాక్ చేయకూడదు, సర్వీస్, స్మాష్ జోలికి పోనక్కర్లేదు, వెనక వరుసలో బంతిని కింద పడనివ్వకుండా కాపాడితే చాలు. ఈ నిబంధన లేని రోజుల్లో అంత పొట్టి అమ్మాయికి జట్టులో చోటు ఎవరిస్తారు?

పేర్లు ఇరవైకి పైగా వచ్చాయి. నాలుగున్నరకు కోర్టు దగ్గరికి వచ్చింది అందులో సగం కూడా లేదు. రానివాళ్లను ఒక్కొక్కరిని పిలిచి అడిగితే ఒక్కరూ ఆట ఇష్టం లేదని చెప్పలేదు. బీఎస్సీ అమ్మాయిలకు కెమిస్ట్రీ ల్యాబ్ అయిదింటి దాకా ఉంది. సంక్షేమ హాస్టల్లో ఉండేవాళ్లు ఆరింటికి లోపలికి చేరాలి. తగరపువలస, ఆనందపురం వైపు వెళ్లేవాళ్లు ఇల్లు చేరేసరికి చీకటి పడుతుంది. పెదజాలారిపేట అమ్మాయి వాళ్లమ్మ తెల్లవారకముందే ఫిషింగ్ హార్బర్‌కు వెళ్లిపోతుంది. ఇంట్లో వంట, తమ్ముణ్ని బడికి పంపడం ఈ అమ్మాయి పని, కాబట్టి ఉదయం సాధన కుదరదు. ఇద్దరికి ఎన్‌సీసీ పరేడ్. ల్యాబ్, పరేడ్ తప్ప మిగతావన్నీ ఒక కాగితం మీద రాసుకుంటే అందరికీ కుదిరే సమయం నాలుగున్నర నుంచి అయిదుంబావు వరకు తేలింది. ముప్పావుగంట.

కెమిస్ట్రీ విభాగాధిపతి దగ్గరికి వెళ్లాను. ఆవిడకు ఆటలంటే చిరాకు. అయినా లెక్క చూపిస్తే వినే మనిషి. ముగ్గురు అమ్మాయిలను ఉదయం ల్యాబ్ బ్యాచ్‌లోకి మారిస్తే ఎవరికీ నష్టం లేదని తేలాక మార్చేశారు, "మార్కులు తగ్గితే మాత్రం వెనక్కి తీసుకుంటాను" అనే షరతు మీద. ఆ షరతు మాకు మేలు చేసింది. హాస్టల్ వార్డెన్‌కు ప్రతి నెలా సంతకంతో సాధన షెడ్యూలు పంపితే అరగంట సడలింపు ఇచ్చారు. ఎన్‌సీసీ వాళ్లతో రోజులు పంచుకున్నాం.

ఇళ్లకు వెళ్లడం ఇంకో పని. "నల్లబడిపోతుంది మేడమ్ గారూ, రేపు సంబంధాలు చూడాలి" అన్నవాళ్లు ఉన్నారు. నిక్కరు వేసుకోవాలా అని భయపడిన నాన్నలు ఉన్నారు. ట్రాక్ ప్యాంట్‌తోనే ఆడతారని చెప్పేశాను. మోకాళ్లకు రక్షణ కూడా ఎక్కువ. ఉపన్యాసాలు ఇవ్వలేదు. శ్రీకాకుళం జిల్లా నుంచి వెళ్లి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చిన కరణం మల్లీశ్వరి పేరు ఈ ప్రాంతంలో ఇల్లిల్లూ ఎరుగుదురు. మన విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజి 2023లో బ్యాంకాక్‌లో ఆసియా చాంపియన్‌షిప్ వంద మీటర్ల హర్డిల్స్ గెలవడం టీవీలో చూసినవాళ్లే అందరూ. అయితే వాళ్లు అసలు అడిగేది పతకాల గురించి కాదు, ఉద్యోగం గురించి. అప్పుడు పీవీ సింధు అమ్మానాన్నల కథ చెప్పేదాన్ని. ఇద్దరూ వాలీబాల్ ఆడినవాళ్లే, ఇద్దరూ రైల్వేలో ఉద్యోగం చేసినవాళ్లే. నాన్న రమణ 1986 సియోల్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన భారత జట్టు సభ్యుడు, 2000లో అర్జున అవార్డు వచ్చింది. రైల్వే అనగానే మా పెద్దల చూపు మారుతుంది. అందరికీ రైల్వే ఉద్యోగాలు రావని కూడా చెప్పేదాన్ని. అది చెప్పకుండా పిల్లను పంపమనడం నాకు ఇష్టం లేదు.

2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం వచ్చాక చార్జీల గొడవ తీరింది. రద్దీ మాత్రం పెరిగింది. ఆడి అలసిపోయిన అమ్మాయి తగరపువలస దాకా నిలబడి వెళ్లాలంటే సాధన చివర్లో ఆ అలసటను కూడా లెక్కలో పెట్టుకోవాలి.

తిండి గురించి రెండు మాటలు. మధ్యాహ్నం ఒంటిగంటకు తిన్న అన్నంతో నాలుగున్నరకు ఎగరడం కష్టం. క్యాంటీన్ ఆవిడతో మాట్లాడి చోడి (రాగి) అంబలి, ఉడకబెట్టిన గుడ్డు, అరటిపండు ఏర్పాటు చేయించాను. డబ్బు క్రీడా నిధి నుంచి కొంత, అధ్యాపకులు వేసుకున్న చందాల నుంచి కొంత. అంబలి చూసి పట్నం అమ్మాయిలు మొహం చిట్లించారు. ఏజెన్సీ అమ్మాయిలు రెండేసి గ్లాసులు తాగేవారు.

ఆట విషయానికి వస్తే, మొదటి సంవత్సరం దాదాపుగా స్మాష్ నేర్పలేదు. ఇది మా వాళ్లకు నచ్చలేదు, చూడవచ్చిన వాళ్లకు అసలే నచ్చలేదు. నా వాదన సులువైనది. పూర్వం సర్వీస్ చేసిన జట్టుకు మాత్రమే పాయింటు వచ్చేది. ర్యాలీ పాయింట్ల పద్ధతి వచ్చాక ఎవరు తప్పు చేసినా అవతలివాళ్లకు పాయింటే. సెట్ 25కు. కాలేజీ స్థాయిలో ఆ 25లో సగానికి పైగా అవతలివాళ్లు కష్టపడి సంపాదించినవి కావు, మనం ఇచ్చేసినవి. సర్వీస్ నెట్‌కు కొట్టడం, వచ్చిన సర్వీస్‌ను పక్కకు పోనివ్వడం. ఈ రెండూ ఆపితే చాలు, పొడుగు అమ్మాయిలు లేకపోయినా సెట్ ఇరవై దాకా వెళ్తుంది. కాబట్టి సర్వీస్, రిసెప్షన్, మళ్లీ సర్వీస్. అటు ఆరుగురు, ఇటు ఆరుగురు.

ఇక్కడ సముద్రపు గాలి మాకు గురువైంది. మధ్యాహ్నం తర్వాత గాలి కోర్టుకు అడ్డంగా వీస్తుంది. తిప్పకుండా అరచేతితో గట్టిగా, సూటిగా కొట్టిన ఫ్లోటర్ సర్వీస్ ఆ గాలిలో ఎటు ఊగుతుందో కొట్టినవాళ్లకే తెలియదు. మొదట్లో అందుకోలేక ఏడుపు మొహాలు పెట్టేవారు. కొన్ని నెలలకు పాదాలు కదలడం మొదలైంది, బంతి ఆఖరి క్షణంలో జారినా చేతులు దాని కిందికి వెళ్లడం నేర్చుకున్నాయి. ఆదివారాలు తెల్లవారుజామున ఆర్కే బీచ్ ఇసుకలో దూకించేదాన్ని. బీచ్ రోడ్డు మీద వాహనాలు ఆపేసి ఉంటాయి, నడకకు వచ్చిన పెద్దలు ఆగి సలహాలు ఇచ్చేవారు. ఉచిత సలహాలకు మన విశాఖలో లోటు లేదు.

పద్ధతి కూడా పాతదే ఎంచుకున్నాను. స్మాష్‌కు బంతి లేపి ఇచ్చే సెట్టర్లు ఇద్దరు, దాన్ని కొట్టే అటాకర్లు నలుగురు, అంటే నాలుగు రెండు. ముందు వరుసలో ఉన్న సెట్టరే బంతి లేపుతుంది. ఎవరూ వెనక నుంచి పరుగెత్తుకు రానక్కర్లేదు. "ఈ రోజుల్లో హైస్కూళ్లు కూడా అయిదు ఒకటి ఆడుతున్నాయి మేడమ్" అని ఒక సీనియర్ కోచ్ గారు నవ్వారు. ఆడనివ్వండి. అయిదు ఒకటికి ఒక్క మంచి సెట్టర్ కావాలి, ఆ అమ్మాయికి జ్వరం వస్తే జట్టంతా మంచం పట్టినట్టే. నాకు రోజూ వచ్చే ఇద్దరు మామూలు సెట్టర్లు చాలు. మూడో ఏడాది, వాళ్లంతట వాళ్లే అడిగాక, మార్చాం.

తొలి సంవత్సరం మొదటి మ్యాచ్‌లోనే ఓడాం, కానీ మూడు సెట్లకు వెళ్లి ఓడాం. రెండో సంవత్సరం ఒక రౌండు దాటాం. మూడో ఏట సెమీఫైనల్.

ఆ సెమీఫైనల్ గురించే చెప్పాలి. ముందు క్వార్టర్స్‌లో ఎదురైన జట్టుకు ఆ పోటీల్లోకెల్లా భయపెట్టే ఫ్లోటర్ సర్వర్ ఉంది. మిగతా జట్లు ఆ అమ్మాయి చేతిలో వరసగా అయిదారు పాయింట్లు పోగొట్టుకున్నాయి. మావాళ్లు చలించలేదు. ఎందుకంటే అంతకన్నా గడ్డు సర్వీస్ మా పన్నెండో అమ్మాయిది. బీకాం రెండో ఏడు. ఎత్తు లేదు, దూకలేదు, సెట్టర్‌గా చేతులు మెత్తన కావు. కానీ ఫ్లోటర్ మాత్రం అసాధ్యంగా కొడుతుంది. ఏడాది పొడవునా మా మొదటి ఆరుగురు ఎదుర్కొన్నది ఆ సర్వీస్‌నే. క్వార్టర్స్ గెలిచాం. ఆ అమ్మాయి ఆ రోజు కోర్టులో అడుగు పెట్టలేదు. సెమీఫైనల్లో సర్వీస్ కోసం దింపాను. రెండు పాయింట్లు తెచ్చి మూడోది నెట్‌కు కొట్టింది. ఆ మ్యాచ్ ఓడిపోయాం.

మర్నాడు వాళ్లమ్మ కాలేజీకి వచ్చారు. గొంతు పెంచలేదు. "మా అమ్మాయి రోజూ చీకటి పడ్డాక ఇంటికి వస్తుంది మేడమ్ గారూ. ఏడాదంతా వచ్చింది. ఆడించరా?" అన్నారు. ఆమె వల్లే మిగతావాళ్లు గెలిచారని నేను చెప్పాను. ఆ జవాబు నిజమే, కానీ ఓ తల్లికి అది సరిపోదు. సరిపోవాలని ఆశించడం కూడా న్యాయం కాదు. ఆమె ముందు కూర్చున్న ఆ పది నిమిషాల్లోనే నాకు అర్థమైంది, ఆరుగురిని తయారు చేయడం కంటే అటువైపు ఆరుగురిని నిలబెట్టుకోవడం కష్టమని.

అప్పటి నుంచి కొన్ని మార్చాం. స్నేహపూర్వక మ్యాచ్‌ల్లో మొదటి సెట్ ఎప్పుడూ రెండో ఆరుగురిదే, ఓడినా సరే. సెట్‌కు ఆరు మార్పిడులు చేసుకోవచ్చు. వాటిని చేతిలో మిగుల్చుకుని ఓడిపోతే నన్ను నేను తిట్టుకుంటాను. రెండో వరుస అమ్మాయిలకు స్కోర్ షీట్ రాయడం, లైన్ జడ్జిగా నిలబడటం నేర్పాం. ఇద్దరు ఇప్పుడు స్కూలు పోటీలకు వెళ్లి స్కోరర్లుగా పనిచేస్తున్నారు, చేతిఖర్చులకు సరిపడా వస్తుంది. అయినా అందరూ నిలవలేదు. ఒకమ్మాయి జగదాంబ దగ్గర బట్టల షాపులో సాయంత్రం ఉద్యోగానికి కుదిరింది. ఆపమని అడిగే హక్కు నాకు లేదు. బీకాం అమ్మాయి మాత్రం మూడో ఏడూ వచ్చింది. ఎందుకని నేను అడగలేదు.

డిగ్రీ జట్ల అసలు బాధ ఏమిటంటే, మూడేళ్లలో అమ్మాయి ఆట నేర్చుకునేసరికి ఆమెకు టీసీ ఇచ్చి పంపేస్తాం. పోయిన ఏడాది మా లిబరోతో పాటు మొదటి ఆరుగురిలో నలుగురు వెళ్లిపోయారు. ఒకరు యూనివర్సిటీ జట్టుకు ఎంపికై సౌత్ జోన్ పోటీలు ఆడి వచ్చాక వెళ్లారు. మునుపైతే మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాల్సి వచ్చేది. ఇప్పుడు రెండో ఆరుగురు ముందుకు జరిగారు, వాళ్ల వెనక మొదటి ఏడు అమ్మాయిలు తొమ్మిది మంది ఉన్నారు. ఈసారి మళ్లీ క్వార్టర్స్‌లోనే ఆగిపోయాం. నాకు పెద్దగా బెంగ లేదు. నాలుగున్నరకు లెక్కపెడితే పద్దెనిమిది మంది ఉంటున్నారు.

బెంగంతా వెలుతురు గురించే. పోటీలు దగ్గరపడే నవంబరులో విశాఖలో అయిదున్నరకల్లా చీకటి పడుతుంది. సరిగ్గా సాధన పెంచాల్సిన రోజుల్లో బంతి కనబడక ఆపేయాల్సి వస్తోంది. నాలుగు స్తంభాలు, ఎల్ఈడీ ఫ్లడ్‌లైట్లు కావాలని అర్జీ పెట్టాను. ప్రిన్సిపాల్ గారు ఎస్టిమేట్ తెమ్మన్నారు. ఎలక్ట్రీషియన్ వచ్చి చూసి, మూడు స్తంభాలకు చోటుంది, నాలుగోది సైకిల్ స్టాండ్‌లో పాతాలన్నాడు. సైకిల్ స్టాండ్ కాంట్రాక్టరు సోమవారం వచ్చి మాట్లాడతానన్నాడు.